బైలదిల్లా కొండ కింద చేపతలల అంబలి

బస్తరు నుంచి తిరిగొచ్చిన మర్నాడు మా ఆకివీడులో క్షవరానికి కూర్చుని, అడవిలో నాకు పులి ఎదురైందని చెప్పాను. నా వంక ఒకసారి చూసి, పెద్దాయన కదా అని దారి వదిలి పోయిందని కూడా చెప్పాను. మంగలి వీరాస్వామి చేతిలో కత్తి నా గొంతు దగ్గర ఆగింది. "నిజమేనాండీ?" అన్నాడు. కత్తి గొంతు మీదున్నప్పుడు అబద్ధం మంచిది కాదు గనక ఒప్పుకున్నాను. అది పులి కాదు. ఎర్రమట్టిలో పొర్లి లేచిన ఆవుదూడ. దారి వదిలింది కూడా నేనే.

ఈ యాత్ర రాయమని అడిగినవాళ్లకి ముందే మనవి చేస్తున్నాను. నాకు ఊదడం అలవాటు. ఊదిన బుడగని పగలగొట్టుకునే అలవాటు కూడా ఉంది. కాబట్టి ఏ వాక్యాన్నీ వెంటనే నమ్మకండి, ఒకటి రెండు వాక్యాలు ఆగండి. బస్తరులో ఒక ఊరంతా నన్ను నమ్మి, ఆగకుండా నమ్మి, దాని వల్ల ఒక మనిషి బతుకుతెరువు పోయేదాకా వచ్చింది. ఆ కథే ఇది.

బయల్దేరడానికి కారణం మా మేనల్లుడు సత్యం. బస్తరులోని బచేలిలో, బైలదిల్లా ఇనుపగనుల దగ్గర ఉద్యోగం. ఒకరోజు ఫోను చేశాడు.

"మావయ్యా, చేప తలకాయలతో ఏదో టానిక్కు చేయడం వచ్చంటావు కదా, నిజంగా వచ్చా?"

"వచ్చా ఏంట్రా! దాని మీద నేను చేసినంత పరిశోధన దేశంలో ఎవడూ చేయలేదు."

నేను పనిచేసింది ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర. లారీలకి చీటీలు రాసి ఇవ్వడం నా ఉద్యోగం. చేపల్ని కోసి ప్యాక్ చేసే షెడ్డు పక్కనే ఉండేది గనక చూసి నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. ఆ టానిక్కు మాత్రం అక్కడ నేర్చుకున్నది కాదు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

సత్యం చెప్పిన విషయం ఇది. మా కొల్లేటి వైపు చెరువుల శీలావతి, బొచ్చె ఐసుపెట్టెల్లో లారీలెక్కి బచేలి దాకా వెళ్తున్నాయి. కొండ కింద ఒక ఊళ్లో ముత్తక్క అనే ఆవిడ, ఇంకొందరు ఆడవాళ్లు కలిసి సమూహ్ అని ఒక సంఘం పెట్టుకుని, చిన్న రేకుల షెడ్డులో ఆ చేపల్ని శుభ్రం చేసి, ముక్కలు కోసి గనుల టౌన్‌షిప్ మెస్సులకి ఇస్తున్నారు. మెస్సుకి ముక్కలే కావాలి, తలకాయలూ వెన్నుముళ్లూ అక్కర్లేదు. అవి షెడ్డు వెనక గుట్టలు పడి కుళ్లి, వాన పడితే ఊరి ఊటబావి వైపు కారుతున్నాయి. ఊరివాళ్లు ఒకసారి చెప్పారు, రెండోసారి చెప్పారు. ఇక వచ్చే బైఠక్‌లో, అంటే ఊరి పంచాయితీలో, దారి చూపించకపోతే షెడ్డు పీకేస్తామన్నారు.

"షెడ్డు పోతే వాళ్లంతా మళ్లీ మిర్చి ఏరడానికి తెలంగాణ పోవాలి మావయ్యా. నువ్వు వస్తావని చెప్పేశాను. వైజ్ఞానిక్ అని చెప్పాను."

"ఏమని?"

"శాస్త్రవేత్తవని."

ఊదడం మా వంశంలోనే ఉందని అప్పుడు తెలిసింది.

రైలు పెట్టెలో

విశాఖపట్నంలో కిరండూలు బండి ఎక్కాను. అరకు దాకా బండి నిండా కెమెరాలు. సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు. అరకులో వాళ్లంతా దిగిపోయాక పెట్టె ఊపిరి పీల్చుకుంది. నేను కాళ్లు చాపుకున్నాను. ఎదురుగా జగదల్‌పూరు వెళ్లే ఒడియా దంపతులు. ఆవిడ మూట విప్పి అటుకులూ ఉల్లిపాయా పచ్చిమిరపకాయా కలిపి, అడగకుండానే నా చేతిలో ఒక దొన్నె పెట్టింది. మా గోదావరి జిల్లాల్లో అయితే ముందు "మీదే ఊరండీ" అంటారు, తర్వాత ఇంటిపేరు అడుగుతారు, అప్పుడు పెడతారు. ఈవిడ ముందే పెట్టింది, చివరిదాకా ఏమీ అడగలేదు. నేనే ఉండబట్టలేక నా గురించి చెప్పుకున్నాను. ఆవిడకి తెలుగు రాకపోవడం మా ఇద్దరికీ మంచిదైంది.

పక్క పట్టాల మీద ఇనుపరాయి నింపుకున్న గూడ్సుబళ్లు ఎదురొస్తూనే ఉన్నాయి. ఒకటి పోయిందనుకునేలోపు ఇంకొకటి. కొండ నింపాదిగా సముద్రం వైపు నడిచి వెళ్తున్నట్టుంది. కోరాపుట్‌లో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పదిరూపాయలకి జేబు నిండా పోశాడు. మా ఊళ్లో పదిరూపాయలకి కాగితం పొట్లమే వస్తుంది.

ఎర్ర ఊరు

బచేలి చేరేసరికి నా తెల్ల పంచె ఏ రంగో నేనే గుర్తుపట్టలేకపోయాను. అక్కడ చెట్ల ఆకులు, పిట్టగోడలు, కుక్కలు, అన్నీ ఇటుకపొడి అద్దినట్టు ఉంటాయి. సత్యం భార్య రత్నం దండెం మీద బట్టలు తీస్తూ, "తెల్లబట్టలు ఇక్కడికి తెచ్చుకోకూడదు మావయ్యగారూ, మేం పెళ్లిళ్లకి వెళ్లేటప్పుడు కొనుక్కుంటాం" అంది. టౌన్‌షిప్‌లో సగం మంది మనవాళ్లే. శ్రీకాకుళం యాసలో కూరగాయలు బేరమాడుతున్నారు, పక్కనే హిందీ, ఆ పక్కనే హల్బీ. ఇడ్లీబండి అతను ఒక్క ప్లేటు ఇచ్చేలోపు మూడు భాషలు మాట్లాడాడు. ఆ మూడింట్లోనూ చట్నీ ఇంకోసారి వేయనన్నాడు.

మర్నాడు పొద్దున్న మోటారుసైకిలు మీద ఊరికి బయల్దేరాం. దారిలో తనిఖీ. జవాను నా సంచి విప్పాడు. అందులో నేను ఇంటి దగ్గర ఎండబెట్టి విసిరి తెచ్చిన చేపముళ్ల పొడి, ప్లాస్టిక్ కవర్లో, తెల్లగా.

"యే క్యా హై?"

నేను గొంతు సవరించుకుని, ఇది ఒక రహస్య శాస్త్రీయ పదార్థం అన్న అర్థం వచ్చేలా నాకు తెలిసిన హిందీ అంతా కలిపి చెప్పాను. జవాను ఇంకో జవానుని పిలిచాడు. ఆయన పైఅధికారిని పిలిచాడు. సత్యం ముఖం ఊరి కంటే ఎర్రగా అయింది. "మావయ్యా, ఉన్నది ఉన్నట్టు చెప్పు!" అని పళ్లు నూరాడు. "మచ్ఛీ కా హడ్డీ" అన్నాను. అధికారి కవరు ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే దూరం జరిపి, చేత్తో వెళ్లమన్నాడు.

దాన్ని నేను అప్పుడు పాఠంగా తీసుకోలేదు.

రేకుల షెడ్డు

ఊరి పేరు రాయను. "రాస్తే సర్వేవాళ్లొస్తరు తాతా" అంది ముత్తక్క. ఆవిడ పుట్టిల్లు భేజ్జి అనే ఊరు. ఆ వైపు గొడవలు ముదిరిన రోజుల్లో పిల్లల్ని తీసుకుని ఇటు వచ్చేసిందట. దొరల అనే గిరిజన తెగవాళ్లు. ఇంట్లో దొర్లీ, ఊళ్లో గోండీ, టౌన్‌షిప్‌లో హిందీ, నాతో భద్రాచలం వైపు తెలుగు. నలభై దాటిన మనిషి. అందరికీ ఆవిడ ముత్తక్కే, చివరికి నాకూ ముత్తక్కే.

నన్ను పైనుంచి కిందికి చూసి సత్యంతో అంది: "ఏంది సత్యం సారూ, వైజ్ఞానిక్ అంటే కళ్లద్దాలుంటయి అనుకున్న."

"ఉన్నాయి, దుమ్ముకి తీసి జేబులో పెట్టాను" అన్నాను. అబద్ధం. రైల్లో మర్చిపోయాను.

షెడ్డు వెనక్కి తీసుకెళ్లింది. వాసన గురించి రాయను. మీరు భోంచేస్తూ చదువుతూ ఉండొచ్చు. మా కొల్లేటి బొచ్చెల తలకాయలు అక్కడ నోళ్లు తెరుచుకుని ఆకాశం వంక చూస్తున్నాయి. నాకు ఎందుకో, మన ఊరివాళ్లు పరాయి ఊళ్లో బస్టాండులో పడుకుని కనిపించినట్టు అనిపించింది. ఊరి కుక్కలన్నీ అక్కడే కాపురం.

"అటు చూడు, ఊటబావి" అని చూపించింది ముత్తక్క. ఆడవాళ్లు సొరబుర్రల్లో నీళ్లు ముంచుకుంటున్నారు. "ఆళ్లు అడిగేది తప్పు గాదు తాతా. నేనైనా అదే అడుగుత. కానీ షెడ్డు పోతే నేను యాడికి పోవాలె? మిర్చి ఏరనీకి పోతే పెద్దపిల్ల ఇస్కూలు బంద్. భేజ్జికి పోదామంటే ఇల్లే లేదు. ఎల్లుండి సంత, దాని తెల్లారి బైఠక్. చేస్తవా, చెప్పు."

"చేస్తావా ఏమిటి, చేసినట్టే అనుకో" అన్నాను.

చేదు

పని మొదలెట్టాం. పాత గుట్టని ఊరికి దూరంగా, బావికి ఎగువన కాకుండా దిగువన, గొయ్యి తీసి పూడ్చారు. పేగులూ మొప్పలూ ఇక ఆ గొయ్యిలోకే అన్నాను. పొద్దున్నే వచ్చిన ఐసుపెట్టెల్లోంచి తాజా తలకాయలు తీసుకున్నాం. మొప్పలు పీకి, ఉప్పూ పసుపూ వేసి రుద్ది, నీళ్లు తేటపడేదాకా కడిగాం. రత్నం ఇంటి నుంచి పెద్ద కుక్కరు అరువు తెచ్చాను. పచ్చి బొప్పాయి ముక్కలు వేస్తే ముల్లు కూడా మెత్తబడుతుంది. ఆ తేట వడగట్టి, ముళ్లని రోట్లో వెన్నలా నూరి, మళ్లీ తేటలో కలపాలి. దాన్ని అక్కడివాళ్లు రోజూ తాగే రాగి అంబలిలో పోయాలి. వాళ్లు దాన్ని మండియా పేజ్ అంటారు. ఎండలో పనికి వెళ్లే ప్రతి మనిషి భుజాన ఒక సొరబుర్ర, అందులో ఈ అంబలి. మనం సీసాలు కొనుక్కుని మోస్తున్నాం. వాళ్లు పాదు మీద పెంచుకుంటున్నారు.

మొదటి విడత నేనే స్వయంగా చేస్తానన్నాను. తలకాయని గబగబా విడదీయబోతే, దాన్ని అంటుకుని వచ్చిన ఆకుపచ్చ చేదుతిత్తి చిట్లింది. చిట్లినట్టు నేను చూశాను. ఎవరూ చూడలేదు కదా అని కుక్కర్లో వేసేశాను. పావుగంట తర్వాత ముత్తక్క గరిటెతో నాలిక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు తెరవలేదు.

"తాతా, ఇది మందా?"

"మందే. బలానికి."

"వేపచెక్క గూడ ఇంత చేదుండదు. చేదుతిత్తి పగిలింది గదా?"

"...పగిలింది."

ఆడవాళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వారు. ఒకామె గోండీలో ఏదో అంది, ఇంకా నవ్వారు. ఏమందని అడిగితే ముత్తక్క చెప్పలేదు. ఆ కుక్కరు పారబోసి, రెండో విడత ముత్తక్కే చేసింది. నేను ముక్కాలిపీట మీద కూర్చుని సలహాలిచ్చాను. అల్లం, చింతపండు పులుపు కాస్త, ఉప్పు. దొన్నెలో పోసి ఇచ్చింది. తాగాను.

ఆ గుటక నన్ను ఎక్కడికో తీసుకుపోయింది. ఎక్కడికో ఆ రోజు ఎవరికీ చెప్పలేదు.

సంత

సంత గురించి ఒక పుస్తకం రాయొచ్చు. ఇప్పపూలు గుట్టలు. చీమలతో చేసిన చాప్డా చట్నీ ఆకులో పెట్టి ఇరవై రూపాయలు. నేను అర కేజీ తిన్నాను. నాలిక చివర పెట్టుకున్నానంతే, పుల్లగా, కొరికినట్టుగా ఉంది. మా నిమ్మకాయ పచ్చడి దానిముందు పాలబువ్వ. మన మన్యంలో జీలుగు కల్లు అనేదాన్ని ఇక్కడ సల్ఫీ అంటారు. ఒక ముసలాయన దొన్నెలో పోసుకుని, తాగేముందు రెండు చుక్కలు నేల మీద వదిలాడు. ఒలికిందేమో అనుకుని, "అయ్యో, పోయిందే" అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశాడు. ఇంకో నలుగురు అలాగే వదిలాక, ఒలకబోసుకోవడం కాదని అర్థమైంది. పోయినవాళ్ల వాటా అట. నేల ముందు తాగుతుంది, తర్వాత మనిషి.

సంత ఆ ఊళ్లోనే గనక, షెడ్డు ముందే ముత్తక్క కుండలు పెట్టింది. దొన్నెలు దొంతరగా పేర్చారు. జనం చేరారు. సత్యం టౌన్‌షిప్ మెస్సు మేనేజర్ని కూడా తీసుకొచ్చాడు. నచ్చితే షిఫ్టు మనుషులకి ఇది కూడా తీసుకుంటామన్నాడట. ఊరి పటేలు వచ్చి ఒక దుంగ మీద కూర్చున్నాడు. పళ్లు లేవు, చూపు మాత్రం దిట్టం.

అంతమందిని ఒకచోట చూస్తే నాకేదో అవుతుంది. పీట ఎక్కాను.

"అయ్యలారా, అమ్మలారా! మీ ముందున్నది మామూలు అంబలి కాదు! లోకంలో ఇంతవరకు ఏ మనిషీ తాగనిది! మీ తాతలు ఎరగరు, మా తాతలు ఎరగరు! నేను కనిపెట్టాను, ఈ పూటే మొదటిసారి మనిషి నోటికి అందుతోంది!"

ముత్తక్క నా వంక ఒకసారి చూసి, గోండీలో చెప్పింది. నా మాట ఎంత పొడుగుందో ఆమె మాట కూడా అంతే ఉంది. జనం గుసగుసలాడారు. దొన్నెలు అందుకున్నారు. అందరూ అందుకున్నారు. వాసన చూశారు. తలలూపారు. తర్వాత ఒక్కొక్కరే, ఎంతో మర్యాదగా, దొన్నెని షెడ్డు అరుగు మీద పెట్టి వెళ్లిపోయారు. ఒక్కరూ తాగలేదు. ఒక్కరూ ముఖం చిట్లించలేదు. పటేలు తన దొన్నెని రెండు చేతులతో కింద పెట్టి, నాకు దండం పెట్టి వెళ్లాడు.

నిండు దొన్నెలు అరుగు పొడుగునా వరసగా. ఈగలు వచ్చాయి. మేనేజరు సత్యం చెవిలో, "గావ్‌వాలే హీ నహీ పీతే తో..." అంటూ ఆపేశాడు. ఊరివాళ్లే తాగకపోతే మేమెలా తీసుకుంటాం అని. ముత్తక్క కొంగు బిగించి వంగింది. దొన్నెల్లో అంబలి మళ్లీ కుండలో పోసుకుంటూ ఉంది. ఆ చేతుల వంక చూడలేక నేను కోడిపందెం జరుగుతున్న వైపు వెళ్లిపోయాను. మా భీమవరం పందేల గురించి అక్కడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. దాన్నిబట్టి నా పరిస్థితి మీరే ఊహించుకోవచ్చు.

వాసన కాదు

బైఠక్ రోజు తెల్లవారగానే నేను షెడ్డు దగ్గరున్నాను. నిమ్మగడ్డి కోసుకొచ్చి కట్టలు కడుతున్నాను. వాసన వల్లే తాగలేదని నా నిర్ధారణ. ముత్తక్క వచ్చి కట్టల వంక చూసింది.

"అదేంది?"

"వాసన విరిచేస్తాను. నిమ్మగడ్డి, ఇంకొంచెం అల్లం..."

"వాసన కాదు తాతా. నీ మాట."

పక్కన కూర్చుంది. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే రాస్తాను.

"మాకాడ మామిడికాయ చెట్టు నిండ ఉన్నా, పండుం, అంటే మీ పండగ లెక్క, అది చేసి పెద్దలకు పెట్టనిది ముట్టం. చింతకాయ అంతే, చిక్కుడుకాయ అంతే, కొత్త వడ్లు అంతే. ఏటేటా కాసేదానికే అట్లుంటే, నువ్వేమో లోకంలనే లేనిది, తాతలు ఎరగనిది అంటివి. పెద్దలు ఎరగనిది పిల్లలు ఎట్ల తాగుతరు? దానికి పండుం చెయ్యాలె. ఎప్పుడు చెయ్యాలె, ఎట్ల చెయ్యాలె, ఎవరికీ తెల్వదు. ఎన్ని నెలలు పడతదో. ఈ పొద్దే బైఠక్."

"మరి ఆ మాట గోండీలో చెప్పేటప్పుడు నువ్వు మార్చి చెప్పొచ్చుగా?"

"చెప్పేటప్పుడే నాలిక కరుసుకున్న. కానీ సత్యం సారుకు గోండీ వస్తది, ఇంకా మస్తుమందికి తెలుగు వస్తది. నీ ముంగటనే నీ మాట తిప్పితే, పిలిచిన చుట్టాన్ని నేనే అబద్ధాలోడు అన్నట్టు గాదా?"

"పోనీ ఇప్పుడు చెప్పు. ఇది పాతదే అని."

"నేను చెప్తే షెడ్డు కోసం అంటున్నదంటరు. అన్నోడే అనాలె." నా వైపు తిరిగి అడిగింది: "తాతా, నిజం చెప్పు. నిజంగ నువ్వే కనిపెట్టినవా?"

నేను నిమ్మగడ్డి కడుతూ ఉండిపోయాను. కట్టిన కట్టనే మళ్లీ కట్టాను.

బైఠక్

దేవగుడి పక్కన చదును నేల. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. మధ్యలో కుండ. సత్యం, మేనేజరు కుర్చీల్లో. పటేలు మాట్లాడాడు, ముత్తక్క నా కోసం తెలుగు చేసింది: "గుట్ట పూడ్చిన్రు, మంచిగైంది. కానీ రోజూ తలకాయలు వస్తనే ఉంటయి. అవి ఏం చేస్తరు? ఈ తాత తెచ్చిన నీళ్లు పండుం కాకుండ మేం తాగం. తాగకుంటే అవి మళ్లీ కుళ్లుతయి. మరి షెడ్డు..."

ఆవిడ అక్కడ ఆగిపోయింది. తన షెడ్డు సంగతి తనే తెలుగులోకి తేవలేకపోయింది.

నేను లేచాను. ఈసారి పీట ఎక్కలేదు.

"నిన్న సంతలో నేను చెప్పింది అబద్ధం" అన్నాను. "ఇది కొత్తది కాదు. నేను కనిపెట్టింది కాదు. నేను శాస్త్రవేత్తని కూడా కాదు, గేటు దగ్గర చీటీలు రాసేవాణ్ణి."

సత్యం తల దించుకున్నాడు. మేనేజరు తల ఎత్తాడు.

"మా ఊళ్లో చేపల వేలంపాట అయ్యాక, కోతల దగ్గర పారేసిన తలకాయలు మా అమ్మ ఏరుకొచ్చేది. కండ కొనే స్తోమతు మాకు లేదు. ఆ తలకాయలు ఉడకబెట్టి, ముల్లు నూరి, నూకల జావలో పోసి మాకిచ్చేది. నాకు టైఫాయిడు వచ్చి, లేవలేనప్పుడు, నన్ను లేపింది ఇదే. జావకి మీరు రాగులు వేస్తారు, మేం నూకలు వేసేవాళ్లం. అంతే తేడా. ఏరుకొచ్చిన తలకాయలని చెప్పడానికి నామోషీ వేసి, టానిక్కు అని పేరు పెట్టుకున్నాను."

ఈ మాట నేను మా ఆవిడకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. తలవని తలంపుగా, నా భాష సగం మందికి రాని ఊళ్లో చెప్పాను. ముత్తక్క గోండీలోకి మార్చింది. ఈసారి నా మాటకన్నా ఆవిడ మాట చాలా పొట్టిగా ఉంది.

ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలమ్మ గట్టిగా ఏదో అంది. ముత్తక్క ముఖం వెలిగింది. "బాలింతలకు మేం ఎండుచేపల నీళ్లు పోస్తం గదా, ఇదీ అదేనా అంటున్నది."

"అదే! అదే!" అన్నాను. "నోరున్న చేప ఎక్కడైనా చేపే!" దీనికి అర్థం ఏమిటో నాకూ తెలియదు. కంగారులో వచ్చేసింది.

జనం నవ్వారు. పటేలు నవ్వలేదు. చెయ్యి ఎత్తి, ముత్తక్క చేత తెలుగు చేయిస్తూ నన్నే అడిగాడు. "ఆ అమ్మ ఉన్నదా?"

"లేదు."

"ఆమెకు పోసినవా?"

"ఏటా తద్దినం పెడతాను. గారెలు, బూరెలు, పరమాన్నం, అన్నీ చేయిస్తాను."

"ఇది పోసినవా?"

నేను కుండ వంక చూశాను. పటేలు మెల్లగా అన్నాడు, ముత్తక్క అంతకంటే మెల్లగా తెలుగులో అంది: "ఆమె చేతిది ఆమెకు పెట్టకుండ, మాకెందుకు పోస్తున్నవ్?"

ఒక దొన్నె నా చేతిలో పెట్టింది. ఎలా పోయాలో ఎవరూ నేర్పలేదు. సంతలో ఆ ముసలాయన చేసినట్టు దొన్నె వంచాను. ఆయన చేసిన దానికంటే ఎక్కువే వంచాను. ఎర్రమట్టి ఒక్క క్షణం నల్లబడి, పీల్చేసుకుంది. మంత్రం ఏదీ చదవలేదు. "అమ్మా" అన్నాను. అది కూడా గట్టిగా అనలేదు.

అప్పుడు పటేలు తన దొన్నె వంచి తన పెద్దలకి పోశాడు. మిగిలింది తాగాడు. ఊరంతా ఆయన ముఖమే చూస్తోంది. ముత్తక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పటేలు బోసినోటితో చప్పరించి, ఒక మాట అన్నాడు.

"ఏమన్నాడు?" అన్నాను.

"ఉప్పు తక్కువ అన్నడు" అని ముత్తక్క నవ్వేసింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కుండ ఖాళీ అయింది. ఊరూరంతా ఎగబడి తాగారని రాయాలని ఉంది. కాదు. కొందరు ఒక గుక్క తాగి, ఇక చాలన్నారు. పిల్లలు మాత్రం రెండోసారి అడిగారు. మేనేజరు ఒక దొన్నె తాగి, మూతి తుడుచుకుని, చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే మా వైపు కాదని అర్థం. ఆయన మాత్రం నిజంగానే రెండు సీసాల్లో పోయించుకుని పట్టుకెళ్లాడు. షెడ్డు పీకే మాట ఆ రోజు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కొత్త గొయ్యి ఎక్కడ తీయాలన్న దాని మీద మాత్రం సాయంత్రం దాకా తగువులాడుకున్నారు.

సెలవు

తిరుగుప్రయాణం రోజు ముత్తక్క బచేలి స్టేషనుకి వచ్చింది. ఎండిన సొరబుర్ర నిండా రాగిపిండి తెచ్చింది. నేను కొత్త పంచె రొంటిలోంచి చిల్లర తీయబోతే చెయ్యి తోసేసింది. "ఇంకోసారి వస్తే ఊరకే రా తాతా, వైజ్ఞానిక్ లెక్క రాకు" అంది. రత్నం మాత్రం తన కుక్కరుని ఇంట్లోకి రానివ్వలేదు. "నాలుగుసార్లు చింతపండు వేసి తోమాను మావయ్యగారూ, పప్పు పెడితే బొచ్చె వాసనొస్తోంది" అంది. ఆ కుక్కరు ఇప్పుడు షెడ్డులోనే ఉంది. రత్నానికి నేను కొత్తది కొనిచ్చాను. అన్నిటికంటే పెద్దది కొన్నానని చెప్పుకుంటున్నాను గానీ, కొన్నది మధ్యరకం.

వెళ్లేటప్పుడు ఆ ఊరికి ఏదో ఇచ్చి వస్తాననుకున్నాను. ఏమీ ఇవ్వలేదు. ఒక ఊరు ఊరంతా కూర్చుని, నా అబద్ధాన్ని మర్యాదగా కింద పెట్టి, నా నిజాన్ని తాగింది. ఎన్ని తద్దినాలు పెట్టినా నేను చేయని పని, ఆ పళ్లులేని పటేలు ఒక్క ప్రశ్నతో చేయించాడు. వాళ్లకి నేను రుణపడి ఉన్నాను. ఇందులో ఊదింది ఏమీ లేదు. ఇంకో రెండు వాక్యాలు ఆగినా ఇదే మాట.

సత్యం మొన్న ఫోను చేశాడు. టౌన్‌షిప్‌లో వారానికి ఒక పూట ముత్తక్క అంబలి పోస్తున్నారట. ఊటబావి వైపు వాసన లేదట. తలకాయలు దొరక్క కుక్కలు పక్క ఊరికి కాపురం మార్చాయట. ఇప్పుడా ఊరివాళ్లు ఫిర్యాదు చేస్తున్నారట.

ఇంట్లో సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. వచ్చిన దగ్గర్నుంచి పొద్దున్న కాఫీ గ్లాసు చేతికి రాగానే, వసారా మెట్టు దగ్గర రెండు చుక్కలు వంచుతున్నాను. మా ఆవిడ మొదటిరోజే పట్టుకుంది.

"ఏమండీ, కడిగిన మెట్టు మీద కాఫీ ఒలకబోస్తారేం?"

"బస్తరు ఆచారం. పెద్దలకి."

"తుడవడం మా ఇంటి ఆచారం. గుడ్డ అక్కడుంది."

తుడుస్తూ ఉండగా, అమ్మ ఏరుకొచ్చిన తలకాయల సంగతి చెప్పాను. మొదటిసారి. ఆవిడ చివరిదాకా వింది. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు కాఫీ తెచ్చినప్పుడు గ్లాసు అంచు దాటి నిండుగా ఉంది. చేతిలోకి తీసుకుంటే ఒలికేలా ఉంది.

"ఇంత పోశావేం?" అన్నాను.

"పైన ఉన్నది అత్తయ్యగారిది" అంది, గుడ్డ కూడా తనే తెచ్చి పక్కన పెట్టి.